మచ్చు బెల్లం

శ్యామలాదేవి కాఫీ గ్లాసుతో ముందు గదిలోకి వచ్చేసరికి జగన్నాథం కుర్చీలో కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి. మార్గశిర మాసపు చలిలో, ఫ్యాను అక్కర్లేని గదిలో, ఆయన మెడ మీంచి చెమట కారి బనీను తడిసి ముద్దయిపోయింది.

“ఏవండీ... ఏమైందండీ?”

ఆయన తలెత్తి చూశాడు. అది ఆమెను గుర్తుపట్టిన చూపు కాదు. “అమ్మా... కొట్టు తాళాలు నాన్న పట్టుకెళ్ళిపోయాడే...” అన్నాడు, నాలుక మడతపడుతూ.

మామగారు పోయి పదకొండేళ్ళు. అత్తగారు పోయి ఆరేళ్ళు. ఎందుకో తెలీదు, శ్యామలాదేవి చేతిలోని గ్లాసుని ఒక్క చుక్క ఒలకకుండా కిటికీ గట్టు మీద పెట్టింది. షుగర్ పెరిగిపోయింది, అంతే, పెరిగిపోయింది... ఇంకేముంటుంది! బీరువా దగ్గరికి పరిగెత్తి, రాత్రి భోజనానికి ముందు వేయవలసిన మాత్రని ఇప్పుడే అట్టలోంచి చీల్చి తీసింది.

ఆ ఇంట్లో ఆమె భయం ఇవాళ్టిది కాదు. తాడేపల్లిగూడెం బజార్లో మూడు తరాలుగా వాళ్ళది బెల్లం కొట్టు. కామవరపుకోట వైపు నుంచి కొత్త బెల్లం బండి దిగిందంటే, దిమ్మ అంచు గోటితో గిల్లి నోట్లో వేసుకోందే యజమాని ధర చెప్పడు. ఉప్పు నేల చెరుకా, మంచి నేల చెరుకా, పాకం ముదిరిందా, తెల్లబరిచే మందు ఎక్కువైందా, అన్నీ నాలుకే చెప్పాలి. మామగారు అలాగే నలభై ఏళ్ళు చూశారు. చివరికి షుగర్ పుండు మానక ఆయన ఎడమ కాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆ పుండుకి కట్టు మార్చింది శ్యామలాదేవే. ఆ వాసన ఇప్పటికీ ఒక్కోసారి అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది ఆమెకి.

జగన్నాథానికి షుగర్ వచ్చినప్పుడు ఆమె మొదట అడిగింది ఒకటే. “మరి కొట్లో రుచి చూడడం?”

“చూసి ఉమ్మేస్తానే. మింగుతానేంటి, నాకు మాత్రం తెలీదూ?” అన్నాడాయన.

ఆమె నమ్మింది. నమ్మి, ఇంట్లో మాత్రం యుద్ధం ప్రకటించింది. పంచదార డబ్బా కడిగి మెంతులు పోసింది. దేవుడికి పటికబెల్లం మాని జామకాయ ముక్క నైవేద్యం పెట్టింది. అయినా ఎప్పుడు పరీక్ష చేయించినా షుగర్ దిగేది కాదు. డాక్టరుగారు చీటీ చూసి తల పంకించి మాత్ర పెంచేవారు. మళ్ళీ పెంచేవారు.

రెండు నెలల క్రితం ఒక సాయంత్రం ఆయన కొట్టు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండో చెప్పు ఎక్కడ జారిపోయిందో ఆయనకి తెలీనే లేదు. “ఏదో ఆలోచనలో ఉన్నాలే” అని నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఆ ఎడమ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, జడపిన్నుతో మెల్లగా గుచ్చి చూసింది. ఆయన పేపరు చదువుకుంటూనే ఉన్నాడు...

మర్నాడే ఆయన్ని బెంజమిన్ మాస్టారి దగ్గరికి లాక్కెళ్ళింది. బెంజమిన్‌గారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. తనకీ షుగరే. ఎవరి దగ్గరో తాయ్ చీ అనే చైనా వ్యాయామం నేర్చుకుని, రోజూ ఆరింటికి హైస్కూలు మైదానంలో షుగరున్న వాళ్ళని పోగేసి నేర్పుతుంటారు. పరుగుల్లేవు, గెంతుల్లేవు. ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి మెల్లగా మార్చుకుంటూ, చేతులు గాల్లో తేలుస్తూ నడవడమే. పాదం మొద్దుబారిన వాళ్ళు పడిపోకుండా నిలదొక్కుకోవడానికి మంచిదట. బూట్లు లేందే ఎవర్నీ రానివ్వరు.

మొదటి రోజు కొట్టు తాళాల కోసం వచ్చిన సూరిబాబు గోడ దగ్గర నిలబడి చూశాడు. కొల్లేటి మనిషి, ఇరవై ఏళ్ళుగా కొట్లో గుమాస్తా. “ఏముందండమ్మగారూ, మా కొల్లేట్లో వల పట్టుకుని బురదలో అడుగేసేవోడు ఇలాగే నడుత్తాడు. ఆయ్. దీనికి చైనావోళ్ళెందుకండీ, మా బావమరిదిని పంపుదును” అన్నాడు. జగన్నాథం కూడా నవ్వేశాడు.

పది రోజుల క్రితం మాస్టారు అందరినీ కుడి కాలు కొంచెం ఎత్తి, ఎడమ కాలి మీద నిలబడమన్నారు. “జగన్నాథంగారూ, బరువు ఎక్కడుందండీ? మడమ మీదా, వేళ్ళ మీదా?”

ఆయన కిందకి చూశాడు. చాలాసేపు చూశాడు. “తెలీడం లేదు మాస్టారూ” అన్నాడు చిన్నగా. అని, పక్కనే నిలబడ్డ భార్య ముఖంలోకి చూశాడు. అక్కడ ఏం కనబడిందో, చటుక్కున చూపు తిప్పేసుకున్నాడు.

ఇంటికొచ్చే దారిలో ఆమె ఒక్క మాటే అంది. “నాకు మీ కొట్టు అక్కర్లేదండీ. కాళ్ళు కావాలి.”

ఇప్పుడు ఆ మనిషి కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోతున్నాడు. ఆమె ఒక చేత్తో ఆయన భుజం ఆనించి పట్టుకుని, రెండో చేత్తో కూతురికి ఫోన్ చేసింది. గీతాంజలి ఏలూరులో నర్సు.

“గీతా... నాన్నగారికి షుగర్ బాగా పెరిగిపోయిందే... నన్ను అమ్మా అంటున్నారు... రాత్రి మాత్ర వేసేస్తున్నా...”

“అమ్మా, ఆగు. ఆ మాత్ర కింద పెట్టు. చెమట్లు పడుతున్నాయా?”

“బనీను పిండొచ్చు.”

“చేతులు వణుకుతున్నాయా? టిఫిన్ తిన్నారా?”

“ఇంకా లేదు. తాయ్ చీ చేసొచ్చి, పొద్దుటి మాత్ర వేసుకుని, స్నానం చేశారంతే...”

“అది పెరగడం కాదమ్మా, పడిపోవడం. పరీక్ష తరవాత చేద్దువుగాని. మెలకువగా ఉన్నారుగా, మింగగలరుగా? వెంటనే తీపి పెట్టు. పంచదార నీళ్ళు. తొందరగా.”

శ్యామలాదేవి చేతిలోని మాత్ర నేల మీద పడింది. నోట్లో వేసేసేదే... తన చేత్తో తనే...!

వంటింట్లోకి పరిగెత్తి డబ్బా మూత తీసింది. మెంతులు. దేవుడి గూడు చూసింది. జామకాయ ముక్క. ఇంకో డబ్బా, ఇంకో డబ్బా... మినప్పప్పు, చింతపండు, రాగిపిండి. మూడు తరాలుగా బెల్లం వ్యాపారం చేస్తున్న ఇంట్లో చిటికెడు తీపి లేదు. ఎంత శ్రద్ధగా ఊడ్చిందో! “ఇంట్లో లేదే గీతా...” అంది. “పక్కింటికి పరిగెత్తమ్మా” అంటోంది ఫోను.

గేటు దగ్గర సూరిబాబు ఎదురయ్యాడు, తాళాల కోసం.

“పంచదార... సూరిబాబూ, అయ్యగారికి... తీపి...”

సూరిబాబు ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. జేబులోంచి కాగితం పొట్లం తీస్తూనే లోపలికి నడిచాడు. తెల్లారగట్ల కొట్టు ముందు దిగిన సరుకులోంచి రుచికి తీసిన మచ్చు బెల్లం. గ్లాసుడు నీళ్ళలో వేసి వేళ్ళతోనే చిదిపి కరిగించాడు. ఆమె భర్త తల పొట్టకి ఆనించుకుంది. సూరిబాబు గుక్క గుక్కగా తాగించాడు. సగం గడ్డం మీంచి కారిపోయింది. సగం లోపలికి వెళ్ళింది.

ఒక నిమిషం. మూడు నిమిషాలు. ఫోనులో గీతాంజలి ఊపిరి వినబడుతోంది. శ్యామలాదేవి ఏ దేవుడినీ తలుచుకోలేకపోయింది. ఆయన కంఠం కదులుతోందా లేదా అని మాత్రమే చూస్తూ ఉంది. పావుగంటకి ఆయన చూపు కుదుటపడింది. నాలుకతో పెదవి తడుపుకున్నాడు.

“ఉప్పు నేలది” అన్నాడు. “సూరీ, ఈ సరుకు తీసుకోకు.”

సూరిబాబు గోడకి చేరబడిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. “అలాగేనండయ్యగారూ. పది రోజుల తరవాత మీ నాలుక్కి తగిలిందండీ, మర్చిపోలేదు.”

శ్యామలాదేవి తలెత్తింది. “పది రోజులేంటి?”

సూరిబాబు అయ్యగారి వైపు చూశాడు. ఆయన కళ్ళు దించుకున్నాడు.

“మీతో చెప్పొద్దన్నారండమ్మగారూ. ఆ మైదానంలో ఏం జరిగిందో గానండీ, ఆ రోజు నుంచి అయ్యగారు బెల్లం ముట్టలేదు. రుచి నన్ను చూడమన్నారు. నాకేం తెలుత్తాదండీ, నాకు చేప సంగతైతే తెలుసు. ఇంటి దగ్గర సావకాశంగా చూత్తానని పొట్లం జేబులో వేసుకుని తిరుగుతున్నానండి.”

“ఉమ్మేస్తున్నానన్నారుగా... ఇన్నాళ్ళూ...”

జగన్నాథం గడ్డం మీది బెల్లం నీళ్ళు తుడుచుకున్నాడు. “ఉమ్మితే రుచి తెలీదే శ్యామలా. వెనక రుచి గొంతులోనే తెలుస్తుంది. నాన్నా మింగేవాడు, నేనూ మింగాను. నీకు అబద్ధం చెప్పాను. మానేశానని చెప్తే, అంతకుముందు మింగినట్టు చెప్పినట్టే కదా... ఎలా చెప్పను? ఆ రోజు నీ ముఖం చూశాక... మా నాన్న కట్టు విప్పేటప్పటి ముఖం అది.”

ఆ మధ్యాహ్నమే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “నేను బెల్లం తినే మనిషికి మాత్రలు రాశానండీ. ఈయన మానేసి, పైగా పొద్దున్నే వ్యాయామం చేసి, అవే మాత్రలు వేసుకుంటున్నారు. మంచి పనే చేశారు. చెప్పకుండా చేశారు.” మాత్రలు సగానికి తగ్గించారు. తాయ్ చీ మానవద్దన్నారు. “ఎప్పుడూ దగ్గర తీపి మాత్రం ఉంచుకోండి” అన్నారు.

“నా భయమే ఆయన్ని చంపేసేదండీ...” అంది శ్యామలాదేవి, డాక్టరుగారితో కాదు, ఎవరితోనో.

జగన్నాథం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఆయన అలా పట్టుకోవడం అదే మొదలు. “నీ భయం కాదే. నా అబద్ధం” అన్నాడు.

మర్నాడు ఆరింటికి, బయల్దేరే ముందు ఆమె వంటింట్లో కాసేపు నిలబడింది. ఎన్నాళ్ళకో మళ్ళీ ఇంట్లోకి వచ్చిన బెల్లం. దేన్ని చూస్తే ఇన్నాళ్ళూ భయపడేదో, దాంట్లోంచి చిన్న ముక్క పగలగొట్టి, కాగితంలో చుట్టి, కొంగున ముడి వేసుకుంది.

మైదానంలో మంచు ఇంకా విడలేదు. మాస్టారు చేతులెత్తారు. అందరూ ఎత్తారు. బరువు మెల్లగా కుడి నుంచి ఎడమకి... ఆమె కళ్ళు ఆయన పాదం మీదే ఉన్నాయి.

“ఏ కాలి మీద ఉన్నారండీ?” అంది గుసగుసగా.

“మడమ దగ్గర కొద్దిగా తెలుస్తున్నట్టుంది. మిగతాది తెలీడం లేదు.” ఈసారి ఆయన చూపు తిప్పుకోలేదు. “నువ్వు ఏ కాలి మీద ఉంటే దాని మీద ఉంటాను. కొంచెం మెల్లగా నడు.”

ఆమె మెల్లగా అడుగు వేసింది. ఆయన వేశాడు. భయం పోలేదు. ఇక పోదని కూడా ఆమెకి తెలుసు. మలుపు తిరిగే ముందు కొంగు ముడి ఒకసారి తడిమి చూసుకుని, రెండో అడుగు వేసింది.