తక్కువ నడక

"మన ఏజెంట్లు నలభై ఇద్దరి పేర్లు, ఒక్క చిప్‌లో. పదీ నలభైకి రేవు స్టాప్‌లో విదేశీ ముఠా మనిషికి అందుతుంది. ఆ తర్వాత నలభై ఇద్దరూ శవాలే" అన్నాడు చీఫ్.

"తీసుకెళ్తున్నది ఎవరు సర్?"

"నెమలి."

ఆ పేరు వినగానే ఏజెంట్ మిడత తలెత్తాడు. నెమలి ఒకప్పుడు వాళ్ళ మనిషే. ఇప్పుడు రెండు వైపులా పనిచేసే అందగత్తె.

"కార్లు, టాక్సీలు ప్రతి కూడలిలోనూ ఆపి చూస్తున్నాం. లైబ్రరీ దగ్గర కనిపించింది. బస్సో మెట్రోనో ఎక్కక తప్పదు." చీఫ్ గోడమీది స్క్రీన్‌పై, ఏది ఎక్కితే ఎంతసేపో చెప్పే ట్రిప్ ప్లానర్ ఆప్ తెరిచాడు. "అన్నిట్లోకీ మెట్రో ఫాస్ట్. ముప్ఫై ఒక్క నిమిషాలు. మనవాళ్ళందర్నీ అక్కడే దించుతున్నా."

మిడత తన ఫోన్లో అదే ఆప్ తెరిచి, ఆప్షన్స్‌లో 'తక్కువ నడక' నొక్కాడు. మెట్రో మాయమై పదిహేడో నంబరు బస్సు పైకొచ్చింది. యాభై రెండు నిమిషాలు. మెట్లు లేవు.

"నేను బస్సు చూసుకుంటాను సర్."

"ఆ నత్తనా? సరే, నీ ఖర్మ."

నెమలి మోకాలి సంగతి ఫైల్లో లేదు. ఆమె చేతికర్ర ఫ్యాషన్ కోసమేనని డిపార్ట్‌మెంట్ నమ్మకం. ఏడేళ్ళ క్రితం ఇద్దరూ ఒక భవనంలో పత్రాలు కాజేసిన రోజున, కింద కారుతో ఆగుతానని మాటిచ్చినవాడు మిడతే. సైరన్ వినగానే గేరు మార్చాడు. ఆమె రెండో అంతస్తు నుంచి దూకి, మోకాలు పట్టుకుని కూలబడటం అద్దంలో చూశాడు. ఆగలేదు. రిపోర్టులో 'వెనకబడిపోయింది' అని రాసి చేతులు దులుపుకున్నాడు. సిగ్గుతో తలవంచుకోవాల్సిన పని, ఇవాళ అదే అతనికి దారి చూపిస్తోంది.

లైవ్ మ్యాప్ చూస్తూ బస్సు వెంటపడి, రేవుకు ముందు స్టాప్‌లో ఎక్కాడు. అతికించిన తెల్లమీసం, టికెట్ ఇన్‌స్పెక్టర్ కోటు, చిప్ దగ్గరికొస్తే కూసే టికెట్ మెషిన్. మొదటి సీట్లోనే ఉంది నెమలి.

"టికెట్, మేడమ్."

టికెట్ దగ్గర మెషిన్ పలకలేదు. కర్ర వెండిపిడి దగ్గర కూసింది. అప్పటికే రేవు వచ్చేసింది. తలుపు తెరుచుకుంది. కింద బూడిదరంగు కోటువాడు చేయి చాచాడు.

"వాన వచ్చేలా ఉంది" అన్నాడు వాడు సంకేతంగా.

"రానివ్వండి" అంటూ నెమలి లేచి కర్ర అందించింది.

వాడి వేళ్ళు బిగిసేలోపే మిడత దాన్ని వెనక్కి లాగేశాడు. "తలుపు వెయ్!" అని డ్రైవర్‌కి అరిచాడు. తలుపు పడింది. బయట పరుగు లంకించుకున్నవాణ్ణి, మిడత ముందే కబురు పంపిన రేవు పోలీసులు పట్టుకున్నారు.

ఆసరా పోయి నెమలి తూలింది. మిడత చేయి అందించాడు. పట్టుకోక తప్పలేదు ఆమెకి.

"మీవాళ్ళంతా మెట్రోలో ఉంటారనుకున్నా. నా మోకాలి సంగతి ఎవరికీ తెలీదుగా?"

"నాకు తెలుసు. ఆ రోజు అద్దంలో చూశాను."

ఆమె నల్లకళ్ళద్దాలు తీసింది. "నువ్వు చూడలేదనే అనుకున్నా, ఇన్నేళ్ళూ."

మిడత అతికించిన మీసం పీకి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం చీఫ్ అతని వీపు తట్టాడు. "శెభాష్! ఆ బస్సేనని ఎలా కనిపెట్టావయ్యా?"

నిజం గొంతుదాకా వచ్చింది.

"ఆప్ చెప్పింది సర్" అన్నాడు మిడత.

సోమవారం నుంచి ఏజెంట్లందరికీ ట్రిప్ ప్లానర్ నేర్పే పని అతనికే అప్పగించారు.