లీదియమ్మ చూసిన వాయిదా

“చాలు కరుణా! ఈ ఇంట్లోంచి ఒక్కరు పోయింది చాలు!”

చేతిలోని గరిటెను అన్నం గిన్నెలో వదిలేసి లీదియమ్మ అంతమందిలోనూ ఆ మాట అనేసింది. ఆమె భర్త మోషే గారు పోయాక ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడిక అది. పాస్టరు గారు ప్రార్థన ముగించారు, బంధువులు గోపన్‌పల్లిలోని ఆ ఇరుకు ఫ్లాటులో సర్దుకుని భోజనాలకు కూర్చున్నారు. ఉన్నట్టుండి అందరి చేతులూ ఆగిపోయాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ లచ్చమ్మ తల దించుకుంది.

ఆమె అడిగింది ఒక్కటే. “సోమవారం వాయిదా ఉందమ్మా. సారు లేడాయె. మా దిక్కుకెళ్లి మాట్లాడెటోళ్లు ఎవ్వరూ లేరు…” అంతే! వెంటనే కూతురు కరుణ లేచి, “నేను మాట్లాడతాను” అంది.

నానక్‌రామ్‌గూడలో అద్దాల టవర్ల నడుమ ఒక సర్కారు బడి ఉంది. పిల్లలు తక్కువయ్యారంటూ దాన్ని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేయాలని అధికారులు ఆదేశమిచ్చారు. ఆ బడి కమిటీకి లచ్చమ్మ పెద్ద. ఆమె పక్షాన హైకోర్టుకెక్కి, ఆ ఆదేశాన్ని ఆపించింది మోషే గారు. అదొక్కటేనా! పంతుళ్లు లేని బళ్ల కోసం, కాగితాలు లేవని చేర్చుకోని వలస కూలీల పిల్లల కోసం ఆయన జీవితమంతా వాదించాడు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి లాయరైన మనిషి! “బడి లేకపోతే నేను గొర్రెలు కాసుకునేవాణ్ణి లీదియా…” అనేవాడు. కంపెనీల కేసులు గుమ్మం దాకా వచ్చినా నవ్వి పంపేసేవాడు.

ఆ నవ్వు వెనక ఇల్లు నడిపింది లీదియమ్మే కదా! దవాఖానలో నర్సు ఉద్యోగం, తీరని డ్యూటీలు, ఇంటికొస్తే వంట, అత్తగారి మంచం సేవ, కరుణ చదువు… కరుణకు జ్వరమొస్తే ఆయన కోర్టులో! పుట్టినరోజు నాడు ఏదో బడిలో! చివరికి ఆ కోర్టు వరండాలోనే గుండె ఆగి కూలిపోయాడు. ఎందరి నాడినో పట్టుకుని చూసిన ఆ చేతికి, కట్టుకున్నవాడి నాడి మాత్రం అందలేదు. అందుకే కరుణ లా చదువు పూర్తిచేసిన రోజున, “మీ నాన్న దారి వద్దమ్మా!” అని చేతిలో చెయ్యి వేయించుకుంది. కరుణ మాట తప్పలేదు. లాయరుగా నమోదైనా కోర్టుకెక్కకుండా, మాదాపూర్‌లో ఒక కంపెనీకి ఫీజు మీద ఒప్పందాలు సరిచూసే పనిలో చేరింది.

బంధువులంతా వెళ్లిపోయాక కరుణ తల్లి పక్కన నేల మీద కూర్చుంది.

“నువ్వు వద్దంటే వెళ్లనమ్మా. నాన్న నిన్ను అడగకుండా వెళ్లిపోయేవారు. నేను మాత్రం అడుగుతున్నాను.”

ఆ ప్రశ్న లీదియమ్మకు కొత్త. ఇన్నేళ్లలో ఆమెను ఎవరైనా అడిగితేగా!

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఒక్కతే షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ వెళ్లింది. ‘మా అమ్మాయి రాదు’ అని లచ్చమ్మ మొహం మీదే చెప్పేద్దామని! లచ్చమ్మ రేకుల గదిలో మనవరాలికి తల దువ్వుతోంది. లీదియమ్మను చూసి కంగారుగా లేచి, కూర్చోమని కుర్చీ జరిపింది.

“నువ్వు చెప్పక ముందే నేనే చెప్త అమ్మా. బిడ్డను పంపకు. మీ ఇంట్లకెళ్లి ఒక మనిషిని తీసుకున్నం. ఇంకొకలను ఇయ్యమని అడిగేటందుకు నాకు నోరెట్లొచ్చిందో! ఆకలైతుంది సారూ, తిను అంటే, ‘మా లీదియా డ్యూటీకి పోయి కూడ నాకు డబ్బా కట్టింది, అదే తింట’ అనేటోడు. మా పిల్లల సదువు నీ కష్టం మీదనే నడిచింది, నాకు తెల్వదా!”

లీదియమ్మ పిల్లవైపు తిరిగి, “బడి అక్కడికి మారితే వెళ్తావా తల్లీ?” అని అడిగింది.

పిల్ల అమ్మమ్మ మొహం చూసింది. లచ్చమ్మే చెప్పింది: “ఆ రోడ్డు దాటియ్యనీకి ఎవరున్నరమ్మా? ఆ యాళ్లకు నేను టవర్ల నేలకు పోచా పెడుతుంట. ఇగ నా ఎంబడే పనికి తోల్కపోత…”

లీదియమ్మ లేచి, “రేపు కోర్టుకు త్వరగా రా లచ్చమ్మా. నేనూ వస్తున్నా” అంది.

హైకోర్టులో అడుగు పెట్టడం ఆమెకు అదే మొదటిసారి! భర్త అక్కడ పెద్ద పేరుతో, చప్పట్ల మధ్య వెలిగిపోతున్నాడని ఇన్నాళ్లూ అనుకుంది. తీరా చూస్తే కిక్కిరిసిన గది, ఉక్కపోత, పొద్దున్నుంచి నిలబడి ఎదురుచూపులు… మాట్లాడేది మాత్రం కాసేపే! ఈ కాసేపటి కోసమా ఇన్నేళ్లు ఇలా నిలబడ్డావు? అలసిపోయానని ఒక్కనాడైనా చెప్పలేదేం? నాకంటే నువ్వేం ఎక్కువ అలసిపోలేదని ఊరుకున్నావా… కళ్లనీళ్లు ఆగలేదు ఆమెకు.

“రెండు బళ్లూ దగ్గరే” అన్నాడు ప్రభుత్వ న్యాయవాది.

కరుణ లేచింది. “మ్యాపులో దగ్గరే అయ్యా. కానీ మధ్యలో ఆగని కార్లున్నాయి. ఏడేళ్ల పిల్లను ఎవరు దాటిస్తారు? తల్లులు ఆ వేళకు ఆ టవర్లలోనే నేలలు తుడుస్తుంటారు.”

జడ్జి గారు తలెత్తారు. “ఈ కేసులో మోషే గారు వచ్చేవారు కదా?”

“ఆయన చనిపోయారు. నేను ఆయన కూతుర్ని.”

“మేం విసుక్కున్నా ఆయన పిల్లల సంగతి వదిలేవారు కాదు. ఆ లోటు మాకూ తెలుస్తోంది” అన్నారు జడ్జి గారు మెల్లగా. తీర్పు వచ్చేదాకా బడిని కదిలించవద్దన్నారు. అధికారులు స్వయంగా వెళ్లి ఆ రోడ్డు చూసి రావాలన్నారు. గెలుపు కాదు. మళ్లీ వాయిదా! అయినా లచ్చమ్మ బయటికొచ్చి లీదియమ్మను వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో, మెట్రోలో కరుణ తల్లి వైపు తిరిగింది.

“ఇక కంపెనీ పని, ఇదీ… రెండూ ఉంటాయి అమ్మా. కోపంగా ఉందా?”

“లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆయన మీద ఉంది. నీ మీదా వస్తుంది. వాయిదా ఉంటే మాత్రం ముందే చెప్పు, నేనూ వస్తాను. ఆయన్ను ఒంటరిగా పంపాను కరుణా… నిన్ను పంపను.”

కరుణ తల తల్లి భుజం మీద వాలిపోయింది. చిన్నపిల్లలా నిద్రలోకి జారుకుంది. లీదియమ్మ కళ్లూ మూతలు పడుతున్నాయి. ఒళ్లంతా నొప్పులే! అయినా ఆమె నిటారుగానే కూర్చుంది. అమీర్‌పేటలో రైలు మారాలి. ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా!