ఇస్త్రీ పెట్టె గ్యారంటీ

చిట్టి అని అందరూ పిలిచే ఆమెకు ముప్ఫై రెండేళ్లు. ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపుకి గడియ ఎక్కడుందో చూసుకోవడం ఆమె అలవాటు.

పెళ్లై వచ్చిన ఈ ఇంట్లో లోపలి గడియలు లేవు. ఊడదీసిన స్క్రూల బెజ్జాల్లో లప్పం పూడ్చి, పైన రంగు వేశారు. దాపరికాలు లేనివాళ్లకు గడియలెందుకంటాడు భర్త. కంప్యూటర్‌కీ పాస్‌వర్డు లేదు. జీతానికి ఒక పళ్ల డాక్టరు బిల్లులు ఆమె ఇంట్లో దానిమీదే టైపు చేస్తుంది. ఇంటికి రాగానే అతను కూర్చుని అంతా తిరగేస్తాడు. అతని మొదటి భార్య ఊసెత్తితే అత్తగారిది ఒకటే మాట: "ఆ మహాతల్లి గడియలు పెట్టించమంది. పెట్టించకపోతే గడపే దాటింది."

పోయినవారం అతను చిట్టి మణికట్టు మెలిపెట్టాడు. కమిలిన చోటుని ఆమె ఫోనులో ఫోటో తీసుకుంది. ఫోను కూడా అతను చూస్తాడు. ఎప్పటికైనా ఎవరికైనా చూపించడానికి ఆమె దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా, ఆ ఫోటో దాచడానికి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫోల్డర్‌కి పాస్‌వర్డు పెట్టి దాచడం డాక్టరుగారి రిసెప్షనిస్టు నేర్పింది. పేరు మాత్రం మగవాడు చచ్చినా తెరవనిది పెట్టమని నవ్వింది. చిట్టి వేళ్లు వాటంతటవే కొట్టాయి: ఇస్త్రీ పెట్టె గ్యారంటీ.

ఈ పేరుతో ఫోల్డర్ ఇప్పటికే ఉంది, అంది కంప్యూటర్.

ఆ ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదు. బట్టలన్నీ లాండ్రీకే వెళ్తాయి.

దాచినవి చూపించమని నొక్కింది. వెలిసిపోయిన రంగులో ఫోల్డర్ ఒకటి తేలింది. పాస్‌వర్డు అడిగింది. తను పెట్టాలనుకున్నదే కొట్టింది... చిన్నప్పుడు చచ్చిపోయిన కుక్కపిల్ల పేరు. అది తెలిసినవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు.

తెరుచుకుంది.

లోపల ఒకే ఫోటో. తేదీ ఆమె పెళ్లికి ముందుది. ఒక ఆడమనిషి ముంజేయి. దానిమీద ఇస్త్రీ పెట్టె ఆకారంలో కాలిన గాయం, పచ్చిగా. వెనక కిటికీకి పసుపు తెర. ఆ తెర చిట్టి మొన్ననే కుట్టింది. మణికట్టు దగ్గర పుట్టుమచ్చ...

తన చెయ్యి తిప్పి చూసుకుంది. అదే పుట్టుమచ్చ. చర్మం నున్నగా ఉంది. ఇంకా.

కాలిన బట్ట వాసన. కంప్యూటర్ ఫ్యాను ఆగింది... మళ్లీ తిరిగింది. ఆ హోరులో ఎవరో చెవి పక్కనే అన్నారు.

"దాచకు."

గేటు చప్పుడైంది. అతను పెందలాడే వచ్చేశాడు. చేతిలో కొత్త అట్టపెట్టె. లాండ్రీవాడు చొక్కా పాడుచేశాడట, ఇకనుంచి ఇంట్లోనే ఇస్త్రీ అట.

"ఇదిగో, గ్యారంటీ కార్డు. భద్రంగా దాచు."

"అలాగేనండీ," అంది.

అతను స్నానానికి వెళ్లాడు. లోపలి గడియలు ఊడదీసినవాడు బయటివి మాత్రం ఉంచుకున్నాడు. చిట్టి స్నానాలగదికి బయట గడియ పెట్టింది. వైర్లు పీకి, కంప్యూటర్ డబ్బాని చంకనెత్తుకుని పోలీస్ స్టేషన్‌కి నడిచింది.

అక్కడ లేడీ కానిస్టేబుల్ చిట్టి చెప్పిన పాస్‌వర్డు కొట్టి, ఫోటో తెరిచి చాలాసేపు చూసింది. "ఈ కాలిన చేతిని కిందనించి ఎత్తి పట్టుకుంది చూడమ్మా, ఆ రెండో చెయ్యి... ఎవరిది?"

చిట్టి చూసినప్పుడు ఆ ఫోటోలో రెండో చెయ్యి లేదు.

తర్వాత ఆమె అద్దె గదిలో ఒక్కతే ఉంది. నలిగిన బట్టలే కట్టుకుంది.