వంపులో నిలిచిన నీళ్ళు

కోడలు పాలగ్లాసు పట్టుకెళ్ళేసరికి మామగారు మళ్ళీ తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం వైపు నడుస్తున్నాడు. సబ్బుకి ఆయన చేతులు పొలుసులు లేచాయి.

"ఇప్పుడేగా పోసుకున్నారు?"

"చెమట పట్టిందమ్మా," అన్నాడు, ఆమె వంక చూడకుండా.

బాత్రూం ఆయన గదిని ఆనుకునే ఉంది. గదిలో ఎప్పుడూ ఒక వాసన. ఆయన స్నానం చేస్తే కాసేపు తగ్గేది. అందుకే అది ముసలి ఒంటి వాసనేనని ఇంట్లో అందరూ ఖాయం చేసుకున్నారు, ఆయనతో సహా. బాత్రూం కొత్తగా కట్టించే పనిలో పనిగా ఆయన్ని గేటు పక్క గదికి మార్చాలని కొడుకూ కోడలూ అనుకున్నారు. ఆయన కాదనలేదు. పక్కబట్టలు మూటగట్టి పెట్టుకున్నాడు.

కొలతలకి ఆడపడుచు వచ్చింది. ఆమె చేసేది ప్లంబింగ్ పనే. సుద్దముక్కతో నేలమీద మురుగు పైపు దారి గీస్తూ మధ్యలో ఆగింది.

"నాన్నని బయటికి తోసేస్తున్నారటగా?"

"తోసేయడమేంటి! వరండాలో కూర్చుని వెళ్ళిపోయేదానివి నువ్వు. ఆ గది తుడిచేది నేను."

ఆడపడుచు తల దించుకుంది. "వరండాలోనే ఎందుకు కూర్చుంటానో నీకూ తెలుసు వదినా."

 పాత పైపు పనికొస్తుందో లేదో చూడాలని ఆడపడుచు నేలమీది జాలీ ఎత్తి, టార్చిలైటు వదిన చేతికిచ్చింది. కింద పైపు వంపులో నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. పక్కన కమోడ్‌లో బకెట్ కుమ్మరించగానే ఆ అద్దం వణికింది. కిందనుంచి ఎవరో నోరు పెట్టి పీల్చినట్టు, గుటుక్కుమని నీళ్ళన్నీ మాయమయ్యాయి. ఖాళీ వంపులోంచి వాసన గుప్పున ముఖానికి కొట్టింది. మామగారి గది వాసన.

 కోడలు చెంబుతో నీళ్ళు పోసి వంపు నింపింది. వాసన ఆగింది. మళ్ళీ బకెట్, మళ్ళీ గుటక. ఇంటి నేల కింద ఇన్నేళ్ళూ ఇంత దాహం ఉందా!

"దీనికి గాలి పైపే పెట్టలేదు వదినా. నీళ్ళు జారినప్పుడల్లా గాలి అందక పైపు ఈ వంపులో నీళ్ళని పీల్చేస్తోంది. నాన్న స్నానం నీళ్ళు మళ్ళీ నింపేవి." ఆమె జాలీ పక్కనే చతికిలబడింది. "రోజూ చేసే పనే నాది. నేనూ ఈ వాసన నాన్నదే అనుకున్నా."

గుమ్మంలో తువ్వాలుతో ఆయన నిలబడి ఉన్నాడు.

"అయితే... నేను కాదామ్మా?"

 కోడలు ఆయన గదిలోకి వెళ్ళి మూట విప్పి, మంచం మీద పక్క పరిచింది. ఆడపడుచు తడి కళ్ళతోనే గాలి పైపు కోసం గోడవెంట డాబా పైదాకా సుద్దగీత లాగింది.

పని పూర్తయిన రోజు ముగ్గురూ జాలీ చుట్టూ వంగారు. బకెట్ కుమ్మరించారు. గుటక లేదు. వంపులో నీళ్ళు కదల్లేదు. అందులో ముసలాయన ముఖం నిలిచింది. గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూశాడాయన.

కోడలు ఆయన భుజం మీది తువ్వాలు తీసేసుకుంది.

"ఇవాళ్టికి ఒక్క స్నానం చాలు మామయ్యగారూ."