తెర లేని కేక

విశాఖ మైదానంలో పొద్దుటి రగ్బీ ఆట నడుస్తోంది. ఇటు ఎనిమిదిమంది అమ్మాయిలు, అటు ఎనిమిదిమంది, భుజాలు పెనవేసుకుని, తలలు దూర్చి బంతి కోసం తోసుకుంటున్నారు. ముందు వరుసలో సువార్త. ఆమె తండ్రి మాణిక్యమే జట్టుకు కోచ్. నిన్న సాయంత్రం ఆటలో ఆమె భుజం ఎముక విరిగింది, రాత్రి వైద్యుల అతుకుగదిలో ఎముక కలిపారు. గట్టున నిలబడ్డ మాణిక్యం మనసంతా ఆ భుజం మీదే ఉంది. సువార్తకు ఆ ధ్యాసే లేదు.

ఆమె మెడ వెనక నొప్పితెర ఉంది. గోరంత బిళ్ళ. చంటితనంలోనే అందరికీ అతికిస్తారు. ఒంట్లో ఏం జరిగినా వైద్యులకు చెబుతుంది, మనిషికి మాత్రం నొప్పి తెలియనివ్వదు.

మాణిక్యం ఆడిన రోజుల్లో జాతీయ రగ్బీ పోటీ అంటే రాష్ట్రానికో జట్టు, నాలుగు గుంపులు, గెలిచినవాళ్ళకు సెమీఫైనల్, ఆపైన ఫైనల్. ఆటకూ ఆటకూ మధ్య వారం విరామం ఉండేది, దెబ్బలు మానాలి కదా! తెర వచ్చాక విరామం దండగన్నారు. గుంపులు ఎత్తేశారు. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో తలపడాలి, రోజుకు రెండాటలు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు పెద్దలు. ఈ కాలంలో తనదాకా వచ్చినా తెలియదు.

ఒడిశా జట్టు ముందు వరుసలోంచి రష్మిత అనే పిల్ల కేక పెట్టింది.

తెర లేని రోజుల్లో ఆడిన మాణిక్యం అది నొప్పి కేకని పోల్చుకున్నాడు. "ఆపండి! ఆ పిల్ల మెడ!" అంటూ లోపలికి పరుగెత్తాడు.

కుర్ర రిఫరీ చెయ్యి అడ్డం పెట్టాడు. "బయటికెళ్ళండి కోచ్ గారూ. హుషారుగా అరిస్తే తప్పేటి?"

జనం కూడా కేకలందుకున్నారు. సువార్త జట్టు మరింత బలంగా తోసింది. రెండు జట్లూ విడిపోయాక రష్మిత లేవలేదు. ఆమె బిళ్ళ రాపిడికి ఊడి గడ్డిలో పడి ఉంది. అందుకే ఆమెకు నొప్పి తెలిసింది, ఏ వైద్యుడికీ కబురందలేదు.

మధ్యాహ్నానికి ఆ పిల్ల పోయిందని తెలిసింది.

"ఏటి నాన్నా, అలా ఎందుకు అరిసింది?" అనడిగింది సువార్త.

"నొప్పెట్టిందమ్మా."

"నొప్పెడితే అరుస్తారేటి? ఊపు కోసం అనుకున్నాను. ఇంకా గట్టిగా తోసేశాను."

ఆ ముఖంలో కల్లాకపటం లేదు. మాణిక్యానికి భయం వేసింది.

అతను అడ్డుపడేలోగా సువార్త తన బిళ్ళ పీకేసింది. భుజం నొప్పి ఒక్కసారిగా కమ్ముకొచ్చింది. మోకాళ్ళ మీద కూలిపోయింది. అతను బిళ్ళ మళ్ళీ అతికించబోతే తోసేసింది.

"ఉండు నాన్నా... ఆ పిల్లకి ఇంతేనా? ఇంకా ఎక్కువేనా?"

"ఎక్కువే తల్లీ," అన్నాడు మాణిక్యం.