పలకతోలు వాషరు

రేణిగుంటలో రైల్వే గేటు పక్కన మా ఆయనకు రిపేరు అంగడి ఉండేది. ఫ్యాన్లు, మోటార్లు, రేడియోలు. ఆయన చెయ్యి పెడితే చచ్చిన మోటారు లేచి తిరుపతి దాకా నడిచిపోతాదని నేనే ఊరంతా చెప్పేదాన్ని. గోరంతను కొండంత చేస్తానని మా వీధిలో నాకు పేరు. ఆ పేరు నాకు ఇష్టమే.

ఎనభై మూడులో మదనపల్లె దిక్కున ఒక దొరసాని బంగళా ఖాళీ చేస్తా ఉంటే, గుడ్డలుతికే మిషను ఒకటి ఆయన చేతికొచ్చింది. గుండ్రటి తొట్టి, నాలుగు కాళ్ళు, పైన గుడ్డలు పిండేదానికి రెండు రబ్బరు రోలర్లు. ఏనుగుపిల్లను ముంచి తీయొచ్చు. దాని గుడగుడ గూడూరు దాకా వినిపించేది. జిల్లా మొత్తానికీ అట్లాంటిది నాకొక్కదానికే. నా నడకే మారిపోయింది.

నాలుగు నెలలకు తొట్టి అడుగున, తిరిగే కడ్డీ చుట్టూ ఉండే వాషరు అరిగిపోయింది. నీళ్ళు కారి మోటారు మీద పడతాయి. ఆయన మద్రాసుకు పోయి మూర్ మార్కెట్టంతా గాలించినాడు.

"ఈ మిషను చేసినోడే చచ్చి ముప్పై ఏండ్లయిందంట," అని వట్టి చేతుల్తో వచ్చినాడు.

సైకిలు ట్యూబు కోసినాడు. లారీ ట్యూబు కోసినాడు. నా కొత్త చెప్పులూ కోసినాడు. ఏది పెట్టినా రెండో ఉతుక్కే కారేది.

అంగట్లో గోడకు ఒక పలక డప్పు వేలాడతా ఉండాది. ఊర్లో ఎవరు పోయినా పాడె ముందర నడిచి వాయించే ఎల్లప్పది. చుట్టూ ఉండే ఇనప బద్ద చీలిందని, అతుకు పెట్టమని ఇచ్చిపోయినాడు. నెలయినా రాలేదు.

"ఆ తోలు బాగుండాది. నాలుగు మడతలేసి పెట్టి సూడు," అన్నాను.

"మంది సొత్తు, వద్దులేవే."

"ఆయప్ప ఎప్పుడో కొత్తది చేసుకునుంటాడు. నా చేతులు సూడు, బండకేసి బాది బాది చాటలైపోయినాయి."

కోసినాడు. బిగించినాడు. ఒక్క చుక్క కారలేదు.

మూడోనాడు ఎల్లప్ప పెండ్లాం పోలేరమ్మ మా ఇంటికొచ్చింది. నొసట బొట్టు లేదు.

"జరమొచ్చి పోయినాడమ్మా. ఊరందరికీ వాయించినోడు, తనకు మటుకు పలక లేకుండా పోయినాడు. గుంత కాడన్నా పెడతాను, ఇయ్యండి."

లోపల మిషను తిరగతా ఉండాది. మా ఆయన నా మొగం చూసినాడు. మిషను పోతాదని నా భయం. నేనే అన్నాను.

"ఎప్పుడో తీసకపోయినాడే."

ఆమె మిషను శబ్దం వింటా నిలబడింది.

"అట్లనా," అని పోయింది.

ఆ పొద్దే గుడగుడ మారింది. రెండు దెబ్బలు... ఆగి, ఒకటి. పాడె ముందర పలక నడిచే నడక. గుడ్డలు బయటికి తీస్తే అన్నీ తడిగా ఉండాయి, మాతోనే ఉండే మా మామ పంచె తప్ప. అది పొడిగా, వెచ్చగా ఉండాది. కాలిన గడ్డి వాసన. పలకోళ్ళు వాయించే ముందు తోలు బిగిసేదానికి గడ్డిమంటకు కాస్తారు కదా, ఆ వాసన.

"దొరసాని మిషను ఇస్త్రీ కూడా చేస్తాది," అని నవ్వినాను.

మూడోనాడు మామ నిద్రలోనే పోయినాడు. తొంభై ఏండ్ల మనిషి. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఆ మలి వారం తుపాను. మధ్యాన్నం మూడు గంటలకే ఇల్లంతా మసక. కరెంటు పొద్దున్నే పోయింది. వంటింట్లో ఉన్నాను. రెండు దెబ్బలు... ఆగి, ఒకటి.

పోయి చూసినాను. ప్లగ్గు నేల మీద పడుండాది. తొట్టిలో నీళ్ళు లేవు. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

మా ఆయన కూడా విన్నాడు. స్పానర్లు తెచ్చి తోలు విప్పినాడు. దాన్నీ, ఆ ఇనప బద్దనూ సంకన పెట్టుకోని వానలోనే పోలేరమ్మ ఇంటికి పోయినాడు.

దీపాలేళకు వచ్చినాడు. జుట్టు కారతా ఉండాది. పంచె కాళ్ళకు అంటుకోనుండాది.

"ఏమనింది?"

"కండ్లకద్దుకునింది. తడిసిన పలక మా ఆయన పట్టడు సామీ, మంటకు కాచుకుంటాడు, అనింది. అంతే."

చొక్కా విప్పుదామని చెయ్యి వేసినాను.

పొడిగా ఉండాది. వెచ్చగా ఉండాది.

ఆయన మీద చెంబుడు నీళ్ళు పోసినాను. తామరాకు మీద పోసినట్టు జారిపోయినాయి. బిందెడు పోసినాను.

"పిచ్చి పట్టిందా వసంతా," అని నవ్వినాడు. తరువాత నవ్వలేదు. చొక్కా తీసేసి దుప్పటి కప్పినాను. దుప్పటీ వెచ్చబడింది. బాయి కాడ ఆయన తోడతానే ఉన్నాడు, నేను పోస్తానే ఉన్నాను. రెండు రోజులు...

మూడోనాడు నేను బిందె నింపుకోని వచ్చేలోగా, అరుగు మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు.

సాగనంపేటప్పుడూ వానే. వచ్చిన పలకోళ్ళకు గడ్డి అంటుకోలేదు, తోళ్ళు బిగియలేదు. కొడితే తడిగోనె మీద కొట్టినట్టుండాది. వాళ్ళు తలలు వంచుకున్నారు. పాడె లేపినారు.

అప్పుడు ఇంట్లోంచి మొదలయింది. రెండు దెబ్బలు... ఆగి, ఒకటి. నీళ్ళు లేని, కరెంటు లేని, తోలు కూడా లేని మిషను. పాడె వీధి మలుపు తిరిగేదాకా వాయించింది. ఎవరూ లోపలికి తొంగి చూడలేదు.

దాన్ని పాత ఇనుముకేసి ఎన్నో ఏండ్లయింది. ఇప్పుడు వానొస్తే నేను వాకిట్లోకి పోయి నిలబడతాను.

"ఈ వయసులో తడిస్తే చస్తావత్తా," అని మా కోడలు అరస్తాది. దానికేం తెలుసు. తడిసినంత సేపే నాకు ధైర్యం.

నిన్న సాయంత్రం జడివాన. చానాసేపు నిలబడినాను. జుట్టంతా కారతా లోపలికొచ్చి, కొంగు పిండినాను.

మళ్ళా పిండినాను...

ఒక్క చుక్క కారలేదు.