జయరావు చోటు

ఎనభైల మొదట్లో ఏర్పేడు దారిలోని ఒక ఎర్రచందనం గోడౌన్‌లో నేను స్టోర్స్ ఆఫీసర్ని. మామూలు ఫోర్క్‌లిఫ్ట్ పొడుగాటి దుంగను ఎదురుగా ఎత్తుకుని తిరగాలంటే దుంగలు పేర్చే రాక్‌ల మధ్య సందు వీధంత వెడల్పుండాలి. సగం గోడౌన్ సందులకే పోయేది. అందుకే మద్రాసు వెళ్లి, నాలుగు రకాల బండ్లు చూసి, పక్కనుంచి ఎత్తే బ్యాటరీ బండిని ఎంచుకున్నాను. దానికి తిరిగే పనే లేదు. సందులో నేరుగా వెళ్లి, పక్కకు ఫోర్కులు చాచి దుంగను తీసుకుంటుంది. రాక్‌లన్నీ దగ్గరికి జరిపించాను. బండి పడితే చాలు, మనిషి పట్టక్కర్లేదు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక్క పేచీ వచ్చింది. దుంగలు దొర్లి జయరావు అనే హమాలీ చనిపోయిన మూలలో, మనిషి పడుకునేంత నేలను హమాలీలు ఎప్పుడూ ఖాళీగా వదిలేవాళ్లు. అక్కడ సరుకు దించరు, కాలు పెట్టరు.

"ఆ చోటు మాత్రం ముట్టొద్దు సార్. అది వాడిది," అన్నాడు ఆ బండి డ్రైవర్ పెంచలయ్య.

"సచ్చినోడికి గోడౌన్ అద్దెకిచ్చినామా అప్పా?" అని నవ్వి, అక్కడా రాక్ వేయించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ మూలలోనే బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూస్తుంటే కరెంటు పోయింది. కిటికీల్లేని గోడౌన్. కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించలేదు. బ్యాటరీ యాసిడ్ వాసన వచ్చింది. ఆ వెనకే మోటారు మోత... బండి నా సందులోకి వస్తోంది.

"పెంచలయ్యా, ఆపప్పా! నేను లోపలుండాను!"

ఆగలేదు. నా వెనక గోడ. రెండు పక్కలా నెత్తి దాటి దుంగలు. బండికీ రాక్‌కీ మధ్య అరచెయ్యి కూడా దూరదు. ఆ కొలత నేనే పెట్టించాను.

"సౌందరరాజన్ సార్! నేనీడుండాను!" పెంచలయ్య గొంతు పక్క సందులోంచి వచ్చింది. "బండి మీద ఎవురుండారు?"

బండి మీంచి ఎవరో గుసగుసగా అన్నారు.

"జరుగు సార్... సోటు సాల్లేదు..."

ఇనుము నా మోకాళ్లకు తగిలింది. గోడకు అతుక్కుపోయాను. ఊపిరి సగమే ఆడుతోంది. నా పిల్లల పేర్లు పలవరిస్తున్నాను...

రాక్ అవతల దుంగలు కదిలాయి. హమాలీలు ఒక్కొక్కటే లాగేస్తున్నారు. ఖాళీలోంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం తడిమింది. ఆ ఒక్క చేతినే నా రెండు చేతులా పట్టుకున్నాను. ఒళ్లంతా గీరుకుపోతూ పక్క సందులో పడ్డాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

పెంచలయ్య మాత్రం లేవలేదు. టార్చి వెలుగులో అతని చెంప దుంగలకు ఆనుకుని ఉంది.

"సార్... లోపల మీరొక్కరే కదా ఉండింది?"

"అవును."

"నేను రెండు సేతులూ పెట్టినాను సార్."

నేను పట్టుకున్న కుడిచెయ్యి బయటే ఉంది. ఎడమది మోచేతి దాకా దుంగల మధ్యే ఉంది.

"మల్ల దీన్ని ఎవురు పట్టుకోనుండేది?"

లోపల మోటారు మోత ఆగిపోయింది. అతని చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది.